నకిలీ సైనిక, రాజకీయ బ్యాడ్జీలను గుర్తుపట్టడం ఎలా

పాత సైనిక బ్యాడ్జీలు, పతకాలు, ఎన్నికల ప్రచార బ్యాడ్జీలు కొనేటప్పుడు చాలామంది ముందువైపు బొమ్మను చూసి నిర్ణయానికి వస్తారు. నకిలీలు తయారుచేసేవారికి ఈ సంగతి తెలుసు కాబట్టి వారి శ్రద్ధంతా ఆ బొమ్మ మీదే ఉంటుంది. వెనుకవైపు పిన్ను మీద, టంకం మీద, లోహపు తీరు మీద అంత ఓపిక చూపరు. అందువల్ల పరిశీలనను వెనుకవైపు నుంచి మొదలుపెట్టడం మంచిది. ఈ వస్తువు ఏ లోహంతో చేసినది, దానికి ఆకారం ఏ పద్ధతిలో వచ్చింది, పిన్నును ఎలా అతికించారు, ఆ లోహం, ఆ పద్ధతి, ఆ పిన్ను చెప్పిన సంవత్సరంలో నిజంగా వాడుకలో ఉన్నాయా అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే సగానికి పైగా సందేహాలు అక్కడే తీరిపోతాయి.

నకిలీ అన్న మాట కింద వేరువేరు వస్తువులు చేరుతున్నాయి. మోసం చేయాలనే ఉద్దేశంతో చేసిన నకలు ఒకటి. నాటకాలకో, ప్రదర్శనలకో, జ్ఞాపికగానో నిజాయితీగా చేసి, తరువాత చేతులు మారి అసలుదిగా చలామణీ అవుతున్నది మరొకటి. ఏ కాలంలోనూ లేని బ్యాడ్జిని ఊహించి తయారుచేసిన కల్పిత వస్తువు ఇంకొకటి. అన్నిటికన్నా చిక్కైనది, అసలు అచ్చులతోనే తరువాతి కాలంలో మళ్ళీ కొట్టినది. వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ పతకాలు తయారుచేసింది, యుద్ధం ముగిశాక కూడా వాటిని మళ్ళీ తయారుచేసింది. అటువంటి పతకంలో బొమ్మ సరిపోతుంది, తయారీదారు గుర్తు సరిపోతుంది, కాలం మాత్రం సరిపోదు. లోహం, పూత, వెనుక అమరిక చూసే అక్కడ తీర్పు చెప్పాలి.

చట్టబద్ధమైన మలి తయారీలు కూడా ఉన్నాయి. పశ్చిమ జర్మనీ 1957లో చేసిన చట్టం ప్రకారం యుద్ధకాలపు పతకాలను స్వస్తిక లేకుండా ధరించవచ్చు. ఆ చట్టం తరువాత చేసిన ఐరన్ క్రాస్ అనే జర్మన్ సైనిక పతకాలలో మధ్యన స్వస్తిక స్థానంలో ఓక్ ఆకులు ఉంటాయి. వాటిని నకిలీ అనడం అన్యాయం, 1939 నాటివని అమ్మడం మోసం.

పనిముట్లకు పెద్ద ఖర్చు అక్కర లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మిల్లీమీటరులో వందో వంతు చూపగల కాలిపర్, గ్రాములో వందో వంతు తూచగల చిన్న త్రాసు, ఒక అయస్కాంతం, అతినీలలోహిత కాంతినిచ్చే టార్చి ఉంటే చాలు. వీటన్నిటికన్నా విలువైన సాధనం, సందేహం లేని అసలు బ్యాడ్జీలు కొన్ని చేతిలో ఉండటం. అవి అరుదైనవి కానవసరం లేదు. ఒక కార్ఖానా మామూలు సిపాయి బ్యాడ్జికి వాడిన టంకాన్నీ, పిన్నునూ, పూతనూ అరుదైన బ్యాడ్జికీ వాడి ఉంటుంది. తక్కువ ధర కావడం వల్ల ఎవరూ నకలు చేయని మామూలు బ్యాడ్జీలను పది కొని, వాటి వెనుక భాగాలను భూతద్దం కింద నెమ్మదిగా చదివినవారికి అరుదైన దానిని పరీక్షించే చూపు వస్తుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి నేను ఇవ్వగలిగిన సలహాల్లో ఇదే ముఖ్యమైనదని నా నమ్మకం.

అచ్చు కొట్టినదా, పోత పోసినదా

సైనిక బ్యాడ్జీలలో అధిక భాగం ఉక్కు అచ్చుల మధ్య లోహపు రేకును లేదా బిళ్ళను ఉంచి, గట్టి ఒత్తిడితో కొట్టి చేసినవి. చవక నకిలీలలో అధిక భాగం ఒక అసలు బ్యాడ్జి నుంచి మూస తీసి, అందులో కరిగిన లోహాన్ని పోసి చేసినవి. అచ్చు కొట్టిన లోహం భూతద్దం కింద బిగువుగా, నునుపుగా కనిపిస్తుంది. అక్షరాల అంచులు నిటారుగా లేస్తాయి, ఈకలు, వెంట్రుకలు, ఆకుల ఈనెలు విడివిడిగా తెలుస్తాయి. పోత పోసిన దానిలో ఆ అంచులు మెత్తబడి గుండ్రంగా ఉంటాయి, అక్షరాల మూలల్లో సూదిమొన అంత గుంటలు, చిన్న బుడగలు కనిపిస్తాయి, బ్యాడ్జి పక్క అంచు చుట్టూ మూస రెండు భాగాలు కలిసిన సన్నని గీత గాని, దానిని ఆకురాయితో రాసిన గుర్తులు గాని మిగిలి ఉంటాయి.

కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. అందువల్ల అసలు బ్యాడ్జి నుంచి తీసిన పోత దానికన్నా కొద్దిగా చిన్నదవుతుంది. కంటికి తెలియని ఆ తేడా కాలిపర్‌కు తెలుస్తుంది. బయటి కొలత ఒక్కటే కాకుండా బొమ్మలోని రెండు స్పష్టమైన బిందువుల మధ్య దూరం కూడా కొలవాలి, ఎందుకంటే బయటి అంచు అరుగుదల వల్ల కూడా తగ్గవచ్చు, లోపలి దూరం అలా తగ్గదు. అదే సమయంలో బరువు చూడాలి. కొలతలు తగ్గి బరువు పెరిగిందంటే మందంగా పోసిన నకలని అనుమానించాలి.

మరొక పరీక్షను నేను చాలా నమ్ముతాను. అచ్చులో పగులు వస్తే ఆ అచ్చుతో కొట్టిన ప్రతి బ్యాడ్జి మీదా ఒక ఉబ్బెత్తు గీత పడుతుంది. ఇది తయారీ లోపం, అసలు బ్యాడ్జీల్లోనూ కనిపిస్తుంది, పైగా ఏ అచ్చుతో కొట్టారో తెలుసుకోవడానికి తోడ్పడుతుంది. వాడకంలో తగిలిన గాటు మాత్రం లోపలికి దిగుతుంది, ఒక్కో బ్యాడ్జికి ఒక్కో చోట ఉంటుంది. ఒకే రకం బ్యాడ్జీలు రెండింటిలో ఒకే చోట, ఒకే ఆకారంలో లోపలికి దిగిన గాటు ఉంటే కనీసం వాటిలో ఒకటి, చాలాసార్లు రెండూ, దెబ్బ తగిలిన ఒకే బ్యాడ్జి నుంచి మూస తీసి పోసినవే. అమ్మకానికి వచ్చిన బ్యాడ్జీల చిత్రాలను భద్రపరిచి, కొత్తగా కనిపించిన ప్రతి దానినీ వాటితో పోల్చి చూస్తే ఇటువంటి కవలలు బయటపడతాయి.

అయితే పోత అన్నంత మాత్రాన నకిలీ అని తేల్చకూడదు. 1856లో ప్రారంభమైన బ్రిటిష్ శౌర్య పతకం విక్టోరియా క్రాస్‌ను లండన్‌లోని హాన్‌కాక్స్ సంస్థ పోత పోసి, చేతితో చెక్కి పూర్తిచేస్తుంది. యుద్ధరంగానికి చేరువలోని చిన్న కార్ఖానాల్లో స్థానికంగా పోసిన బ్యాడ్జీలు కూడా ఉన్నాయి. ఫలానా బ్యాడ్జిని ఆనాడు ఏ పద్ధతిలో చేసేవారన్నదే ఎప్పుడూ అడగవలసిన ప్రశ్న.

నిర్మాణం ఎంత క్లిష్టమైతే నకలు అంత సులువుగా దొరికిపోతుంది. 1914, 1939 ఐరన్ క్రాస్‌లలో మధ్యభాగం నల్లని పూత వేసిన ఇనుము. దానిని రెండు అర చట్రాల మధ్య ఇరికించి అంచుల వెంట టంకం వేస్తారు. పక్క అంచు మీద భూతద్దం పెడితే ఆ అతుకు కనిపించాలి, మధ్యభాగం అయస్కాంతానికి అంటుకోవాలి. ఒకే ముక్కగా పోసి, మధ్యలో నల్లరంగు వేసి, అంచుకు వెండి రంగు పూసినది ఈ రెండు పరీక్షల్లో నిలవదు. అయస్కాంతానికి అంటని మధ్యభాగం ఉన్న అసలైనవి కూడా కొన్ని ఉన్నాయి కాబట్టి అయస్కాంతం మాట ఒక్కదానినే పట్టుకోకూడదు. యుద్ధం సాగిన కొద్దీ జర్మన్ బ్యాడ్జీల లోహం మారిందనేది కూడా గుర్తుంచుకోవాలి. తొలి సంవత్సరాల్లో రాగి పాలు ఎక్కువగా ఉన్న ఇత్తడి రకం లోహం వాడితే, తరువాత జింకు వాడారు. జింకు మీది పూత నిలవదు, మసకబారి బూడిద రంగుకు తిరుగుతుంది. ఎనభై ఏళ్ళ నాటి జింకు బ్యాడ్జి మీద బంగారు పూత కొత్తదానిలా మెరుస్తుంటే అది సంతోషించవలసిన విషయం కాదు.

ఎనామెల్ విషయంలో అసలు ఎనామెల్ అంటే లోహం మీద కరిగించిన గాజు. అది గట్టిగా, లోతైన మెరుపుతో ఉంటుంది, దెబ్బ తగిలితే గాజులా పెచ్చు లేస్తుంది. నకిలీలలో దాని స్థానంలో రంగు గాని, రెసిన్ గాని నింపుతారు. కనిపించని అంచు దగ్గర సూదిమొనను అతి తేలికగా ఆనిస్తే గాజు మీద జారుతుంది, రెసిన్‌లో దిగుతుంది. అమ్మకందారు అనుమతి లేకుండా ఈ పరీక్ష చేయరాదు. రెసిన్ కుంభాకారంలో ఉబ్బి, లోహపు గోడల మీదికి పొర్లి ఉండటం సూది లేకుండానే కనిపించే గుర్తు.

పిన్నులు, కిరీటాలు, అంకెలు

పిన్ను అమరిక కాలాన్ని చెబుతుంది. సూది మీద రెండు రెక్కల బిళ్ళను నొక్కి పట్టించే సీతాకోకచిలుక ఆకారపు బిగింపు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వాడుకలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధపు బ్యాడ్జి అని చెప్పిన దానికి అది ఉంటే, ఆ బ్యాడ్జి నకిలీ అయినా కావాలి, తరువాత ఎవరో పిన్ను మార్చి అయినా ఉండాలి. పిన్ను మార్చినప్పుడు పాత టంకం మచ్చ చోటు తప్పి కనిపిస్తుంది.

బ్రిటిష్ టోపీ బ్యాడ్జీలను కాలానుసారంగా గుర్తించడానికి కిరీటం మంచి ఆధారం. 1901 తరువాతి రాజుల కాలంలో, పై కమానులు గుండ్రంగా ఉండే ట్యూడర్ కిరీటం కనిపిస్తుంది. రెండవ ఎలిజబెత్ రాణి 1952లో సింహాసనం ఎక్కాక, కమానులు మధ్యలో కిందికి వంగిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం వచ్చింది. మూడవ చార్లెస్ 2022లో తిరిగి ట్యూడర్ కిరీటాన్ని ఎంచుకున్నారు. రాయల్ ఫ్లయింగ్ కోర్ 1912లో ఏర్పడి 1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో కలిసిపోయింది. కాబట్టి దాని బ్యాడ్జి మీద సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం ఉండటం అసాధ్యం. ఈ దళం బ్యాడ్జీలకు గిరాకీ ఎక్కువ, నకళ్ళూ ఎక్కువే. సరైన కిరీటం ఉన్నంత మాత్రాన అసలుదని చెప్పలేము, తప్పు కిరీటం ఉంటే మాత్రం ఇక వేరే పరీక్ష అక్కర లేదు. ఇదే బ్యాడ్జీల్లో కిరీటానికీ చట్రానికీ మధ్యనుండే ఖాళీలను కూడా చూడాలి. అచ్చు కొట్టిన బ్యాడ్జిలో వాటిని విడిగా కత్తిరిస్తారు, అందుచేత లోపలి అంచుల్లో నిటారైన కోత గీతలుంటాయి. పోతలో ఆ ఖాళీలు మొద్దుగా, వాలుగా వస్తాయి. వెండి బ్యాడ్జి అయితే బ్రిటిష్ హాల్‌మార్కులోని సంవత్సరపు అక్షరాన్ని చదవాలి. ఆ అక్షరం మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాన్ని చెబితే వాదన అక్కడితో ముగుస్తుంది.

పేరూ అంకె ఉన్న పతకాల దగ్గర మోసం మరో దారి పడుతుంది. పతకం అసలుదే, దాని మీది మనిషి నకిలీ. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచు మీద సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించి ఉంటాయి. సామాన్యమైన పేరును చెరిపేసి, ప్రసిద్ధ యుద్ధంలో పాల్గొన్నవారి పేరు చెక్కితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. పేరు చెరపడానికి అంచును అరగదీయక తప్పదు, అప్పుడు 36 మిల్లీమీటర్ల వ్యాసం కొద్దిగా తగ్గుతుంది. కాలిపర్‌తో నాలుగైదు దిక్కుల్లో కొలిస్తే పేరున్న భాగం వద్ద తేడా దొరుకుతుంది. అక్షరాలు అధికారిక ముద్ర తీరులో ఉన్నాయా, చేతితో చెక్కినవా అన్నది నిస్సందేహమైన మరొక పతకంతో పోల్చి చూడాలి. ఆ పతకాలు పొందినవారి కార్డులు బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అందులో పేరు లేకపోతే కారణం అడగాలి. గాయం, జబ్బు వల్ల సైన్యం నుంచి విడుదలైనవారికి ఇచ్చిన, 1916లో ప్రారంభమైన సిల్వర్ వార్ బ్యాడ్జి వెనుక ఉండే సంఖ్యను కూడా ఇలాగే జాబితాలతో సరిచూడవచ్చు. ఇందుకు భిన్నంగా, రెండవ ప్రపంచ యుద్ధపు స్టార్ పతకాలను బ్రిటన్ తన సైనికులకు పేర్లు లేకుండానే ఇచ్చింది. వాటి మీద పేరు కనిపిస్తే అది ప్రైవేటుగా చెక్కించినది, దానికి అదనపు ధర చెల్లించే ముందు వేరే ఆధారం కావాలి.

సోవియట్ పతకాల్లో వరుస సంఖ్యే ప్రాణం. 1930లో స్థాపించిన రెడ్ స్టార్ పతకం వెనుక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్య దానితో ఇచ్చిన పుస్తకంలో నమోదై ఉంటుంది. తొలి సంఖ్యలకు విలువ ఎక్కువ కాబట్టి చివరి అంకెలు చెరిపి చిన్న సంఖ్యగా మార్చడం, పాతదాన్ని గీకి కొత్తగా చెక్కడం జరుగుతుంది. చుట్టూ ఉన్న లోహం కన్నా అంకెల కింది భాగం పల్లంగా లేదా మరీ నునుపుగా ఉంటే అనుమానించాలి. సంఖ్యా, పతకపు నమూనా ఒకే కాలానివా అన్నది కూడా చూడాలి. 1942లో స్థాపించిన పేట్రియాటిక్ వార్ పతకాన్ని యుద్ధ విజయపు నలభయ్యవ వార్షికోత్సవానికి 1985లో అసంఖ్యాకంగా మళ్ళీ ఇచ్చారు. యుద్ధకాలపు మొదటి తరగతి పతకంలో బంగారం వాడితే, 1985 నాటిది బంగారు పూత వేసిన వెండి. పాతదాని పేరుతో కొత్తదానిని అమ్మడం తరచుగా చూస్తాము.

రాజకీయ బ్యాడ్జీలు

అమెరికా ఎన్నికల బ్యాడ్జీల చరిత్ర తెలిస్తే అనేక నకళ్ళు దూరం నుంచే తెలిసిపోతాయి. గుండ్రని రేకు మీద అచ్చు కాగితం, దాని పైన సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌తో చేసిన పారదర్శకమైన పొర, వెనుక వాటిని బిగించే లోహపు వలయం, అందులో వంచిన తీగ పిన్ను. ఈ అమరిక 1896లో న్యూజెర్సీలోని వైట్‌హెడ్ అండ్ హోగ్ సంస్థ పేటెంట్‌తో వ్యాపించింది, ఆ ఏడాది మెకిన్లీ, బ్రయాన్ పోటీపడిన అధ్యక్ష ఎన్నికల్లోనే విరివిగా కనిపించింది. రేకు మీద నేరుగా రంగు ముద్రించే లిథో పద్ధతి 1920 ప్రాంతంలో గాని పెద్దఎత్తున రాలేదు. కాబట్టి 1896 నాటిదని చెప్పే బ్యాడ్జిలో కాగితం, సెల్యులాయిడ్ లేకుండా రంగు నేరుగా రేకు మీదే ఉంటే అది నకలు.

ఇటువంటి నకళ్ళలో చాలా భాగం మోసపు ఉద్దేశంతో పుట్టినవి కావు. క్లీనెక్స్ 1968లోనూ, అమెరికన్ ఆయిల్ 1972లోనూ పాత ఎన్నికల బ్యాడ్జీల నకళ్ళను ప్రచారానికి పంచాయి. వాటి మలుపు అంచు మీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. ఆ అంచును ఎవరైనా గీకినా, రంగు వేసినా భూతద్దం కింద ఆ ఒక్కచోటే లోహం కొత్తగా కనిపిస్తుంది. 1973లో వచ్చిన అమెరికా చట్టం రాజకీయ వస్తువుల నకళ్ళ మీద తయారైన సంవత్సరాన్ని చెరగకుండా ముద్రించాలని ఆదేశించింది, పాటించనివారు మాత్రం ఉన్నారు. 1920 ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థులైన కాక్స్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇద్దరి ముఖాలూ ఉన్న బ్యాడ్జి అత్యంత అరుదైన వాటిలో ఒకటి. అది తక్కువ ధరకు దొరికితే ముందుగా దాని అంచును, వెనుక వలయాన్ని చూడాలి.

కాగితం ఉన్న బ్యాడ్జిలో ముద్రణను భూతద్దంతో చదవాలి. పాత ముద్రణలో రంగు బిందువులు ఒక క్రమంలో గాని, చేతితో పెట్టిన చుక్కల్లా గాని ఉంటాయి, గీతలు, అక్షరాలు నిండు రంగుతో ఉంటాయి. అసలు బ్యాడ్జిని స్కాన్ చేసి ముద్రించిన దానిలో అక్షరాల అంచులు కూడా చుక్కలుగా విడిపోతాయి, ఇంక్‌జెట్ ప్రింటరు అయితే రంగు తుంపరలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. తరువాత అతినీలలోహిత కాంతి వేయాలి. కాగితాన్ని, దారాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే విరివిగా వచ్చాయి, అవి ఆ కాంతిలో నీలితెలుపుగా వెలుగుతాయి. పతకాల రిబ్బన్లకు, బట్ట బ్యాడ్జీలకు కూడా ఈ పరీక్ష వర్తిస్తుంది. నేటి డిటర్జెంటుతో ఉతికిన పాత బట్ట కూడా వెలుగుతుంది కాబట్టి, వెలుగు మొత్తం మీద సమానంగా ఉందా, దారం లోపలి నుంచి వస్తుందా అని చూడాలి.

బ్రిటన్‌లో స్త్రీల ఓటుహక్కు ఉద్యమపు వస్తువుల పరిస్థితి వేరు. ఉద్యమ నాయకురాలు సిల్వియా పాంక్‌హర్స్ట్ రూపకల్పన చేసిన హాలోవే బ్రోచ్‌ను జైలుకు వెళ్ళిన ఉద్యమకారిణులకు 1909 నుంచి ఇచ్చారు. కోటద్వారపు చువ్వల ఆకారం మీద ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగుల బాణం గుర్తు దాని రూపం. దీనికి నకళ్ళు చాలా ఉన్నాయి, ఎనామెల్‌కు, చువ్వల కోతకు, పిన్నుకు పైన చెప్పిన పరీక్షలన్నీ చేయాలి. అంతకన్నా విస్తారంగా జరుగుతున్నది తప్పు ఆపాదన. ఊదా, తెలుపు, ఆకుపచ్చ రాళ్ళున్న ఆ కాలపు ఏ నగనైనా ఉద్యమపు నగగా అమ్ముతున్నారు. ఆ మూడు రంగులను విమెన్స్ సోషల్ అండ్ పొలిటికల్ యూనియన్ అనే ఉద్యమసంస్థ 1908లో స్వీకరించింది. అంతకు ముందరి నగకు ఉద్యమంతో సంబంధం ఉండదు, తరువాతి నగకైనా రంగులు తప్ప మరొక ఆధారం చూపించమని అడగాలి. నగ పాతదే కావచ్చు, దానికి తగిలించిన చరిత్రే కొత్తది.

మావో బ్యాడ్జీలు సాంస్కృతిక విప్లవం మొదలైన 1966 తరువాత ఊహకందనన్ని తయారయ్యాయి, అధిక భాగం అల్యూమినియంతో చేసినవి. సాధారణమైన వాటికి ధర తక్కువ కాబట్టి భయం తక్కువ. అరుదని చెప్పే పింగాణీ రకాల దగ్గర, పర్యాటకుల కోసం తరువాత చేసిన బరువైన మెరుగు రకాల దగ్గర జాగ్రత్త పడాలి.

పాతదనం నటించే వస్తువు

నిజమైన అరుగుదలకు కారణం ఉంటుంది. బట్టకు, వేలికి రాసుకునే ఎత్తైన చోట్ల బొమ్మ అరిగి, లోతుల్లో బంగారు పూత మిగిలి ఉంటుంది. పిన్ను మడత దగ్గర, కొక్కెం తాకే చోట లోహం మెరుస్తుంది. తోలుకు తగిలి ఉన్న ఇత్తడి మీద చిలుము పడుతుంది. నకిలీ పాతదనం ఈ లెక్కను పట్టించుకోదు. లోతులన్నిటిలో ఒకే రంగు మకిలి, ఎత్తుల మీద ఒకే తీరు గీతలు, వాడకంలో ఏదీ తగలని చోట అరుగుదల, వెనుకవైపు పిన్నుకూ దాని కింది లోహానికీ ఒకే నలుపు. పిన్ను తరువాత అతికించి, అంతా కలిపి రసాయనంలో ముంచితే ఇలా వస్తుంది. పూసిన మకిలిని అసిటోన్ తడిపిన దూది కరిగిస్తుంది, నిజమైన ఆక్సీకరణ పొరను కరిగించదు. ఈ పరీక్షను వట్టి లోహం మీద మాత్రమే చేయాలి, సెల్యులాయిడ్‌నూ, రంగునూ, ప్లాస్టిక్‌నూ అసిటోన్ పాడుచేస్తుంది. అనుమానం ఉందని దేనినీ తోమి మెరుగుపెట్టవద్దు. పోయిన పొర తిరిగి రాదు, అసలు బ్యాడ్జి అయితే దాని సాక్ష్యమూ, విలువా రెండూ పోతాయి.

అమ్మేవారు చెప్పే కుటుంబ కథను వినండి, రాసి పెట్టుకోండి, కాని దానికి ధర కట్టకండి. కథను నిలబెట్టేది అదే పేరు, అదే సంఖ్య ఉన్న పుస్తకం, యోగ్యతాపత్రం, ఛాయాచిత్రం. పత్రాలు కూడా నకిలీ అవుతాయి కాబట్టి కాగితానికి అతినీలలోహిత పరీక్ష, సంతకానికి భూతద్దం పరీక్ష తప్పవు. సంతకంలో సిరా కాగితపు పోగుల్లోకి ఇంకి ఉండాలి, చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు. దూరం నుంచి కొంటున్నప్పుడు వెనుకవైపు, పక్క అంచు, పిన్ను మడత, తయారీ గుర్తు దగ్గరగా తీసిన చిత్రాలు, కొలత, బరువు అడగండి. ఇవి పంపడానికి ఇష్టపడని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. సందేహం తీరకపోతే తిరిగి తీసుకుంటామన్న మాటను రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద ధర పెట్టేటప్పుడు లోహపు మిశ్రమాన్ని ఎక్స్‌రే ప్రతిదీప్తి యంత్రంతో పరీక్షింపజేయవచ్చు, దానివల్ల వస్తువుకు ఏ హానీ జరగదు.

నకిలీ అని తేలిన బ్యాడ్జి డబ్బు వెనక్కి రాకుండా చేతిలోనే మిగిలితే పారవేయవద్దు, ఎవరికీ అమ్మవద్దు. దాని వెనుక చెరగని సిరాతో నకలు అని రాసి, ఎందువల్ల నకిలీ అని తేలిందో ఒక చీటీ మీద కొలతలతో సహా నమోదు చేసి, అసలు బ్యాడ్జీలకు దూరంగా వేరే పెట్టెలో ఉంచండి. అదే మూస నుంచి వచ్చిన మరొకటి ఎదురైనప్పుడు పోల్చి చూడటానికి అది పనికివస్తుంది.